పొట్ట తెలుపు, పుంజు నలుపు

మొక్కుకోవడానికీ ఒక నేర్పు ఉండాలి. నలుగురూ ఎలా మొక్కుకుంటారు? "సామీ, పిల్లాడికి తగ్గితే నీకొక కోడి" అని. అంతటితో సరి. ఎట్లాంటి కోడి అని దేవుడూ అడగడు, వీళ్ళూ చెప్పరు.

దేవిప్రియ అట్లా కాదు. కోవిల్‌పట్టి పెద్దాసుపత్రికి ఆటోలో పోతూ, ఒళ్ళు కాలిపోతున్న పది నెలల గోకుల్‌ను రొమ్ముకు అదుముకుని, వాడి కనుగుడ్లు పైకి తేలిపోవడం చూసి, ఒక్క గుక్కలో మొక్కేసింది.

"కరుప్పసామీ, నా బిడ్డను బాగుచేస్తే నీకు నల్లపుంజును తెచ్చి వదులుతాను. ఒళ్ళంతా నలుపే. ఒక్క ఈక కూడా వేరే రంగు ఉండదు. కొన్నది కాదు సామీ, నా ఇంట్లో, నా పెట్ట పొదిగి, నా కళ్ళెదుట గుడ్డు పగిలి బయటికొచ్చిన పుంజు. వచ్చే ఆడి నెల కొడైకే తెస్తాను."

కొడై అంటే ఆ దేవుడికి ఏటేటా ఆడిలో, అంటే ఆషాఢం వేళ, జరిగే జాతర. ఇంకా ఏమేం కలిపేదో గానీ ఆటో ఆసుపత్రి గేటు దాటింది. డాక్టరమ్మ సూది వేసింది, తడిగుడ్డ పెట్టింది, "జ్వరానికి వచ్చిన ఫిట్సు, భయం లేదు" అంది. పొద్దు వాలేసరికి గోకుల్ డాక్టరమ్మ మెళ్ళోని గొట్టం పట్టుకుని లాగుతున్నాడు.

మర్నాడు ఈ మొక్కు సంగతి విని అత్త పాప్పా చేతిలో పని ఆపేసింది. పాప్పా వేరుశనగ మిఠాయి కొట్టుకు పొట్లాలు చుట్టి ఇస్తుంది. ఆమె చెయ్యి ఆగిందంటే సంగతి పెద్దదన్నమాట.

"ఏమ్మే, అన్ని మెలికలు ఎవురు పెట్టమన్నారు నిన్ను? కోడి అని ఊరుకోరాదా?"

"భయంలో వచ్చేసింది అత్తా."

"భయంలో ఎవురికైనా మాట పడిపోతుంది. నీకు పొంగుతుంది. సరే, కోస్తానన్నావా, వదులుతానన్నావా?"

"వదులుతానన్నా."

"పోయింది. కూర కూడా పోయింది," అని పాప్పా మళ్ళీ పొట్లం చుట్టడం మొదలుపెట్టింది.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే సురేష్‌కుమార్‌కు భార్య సంగతి బాగా తెలుసు. "సంతలో నల్లపుంజును కొని వదిలేద్దాం ప్రియా, సామి చూసొచ్చినాడా యాడ పుట్టిందో" అని ఒక్కసారి అని చూశాడు. ఆమె చూసిన చూపుకు మళ్ళీ అనలేదు. గోకుల్ తుమ్మితే ఆమెకు మొక్కు గుర్తొచ్చేది. వాడు మామూలు కంటే ఒక గంట ఎక్కువ నిద్రపోయినా గుర్తొచ్చేది. వాడి నుదురు తాకి చూసి తాకి చూసి, వాడికే విసుగొచ్చి ఆమె చేతిని తోసేసేవాడు. మొక్కు తీరితే తప్ప ఆమెకు ఈ బిడ్డ పూర్తిగా తనవాడు కాడు. అదీ ఆమె లెక్క.

కార్తీకంలో ఎట్టయాపురం సంతకు పోయి ఒక నల్లపుంజునూ నల్లపెట్టనూ తెచ్చింది. రెండూ ఒకే తల్లి పిల్లలట. పుంజు మెడలో మాత్రం రెండు మూడు ఈకలు ఎర్రగా ఉన్నాయి.

"ఇదేమి?" అంటే, "ఎండకు మాడింది తాయీ" అన్నాడు అమ్మేవాడు.

ఇంట్లో తన నల్లగొడుగు కూడా ఎండకు అట్లాగే ఎర్రబారింది కదా అని ఆమె నమ్మేసింది. అయినా ఈ పుంజు దేవుడికి కాదు, దీని కొడుకు దేవుడికి.

కొడుకు సంగతిలో ఆమెకు గట్టి ధైర్యం ఉంది. దానికి కారణం పదో తరగతి. సైన్సు టీచరు బోర్డు మీద ఒక పొడుగు బఠానీ మొక్క, ఒక పొట్టి బఠానీ మొక్క గీసి, రెండింటినీ కలిపితే పుట్టినవన్నీ పొడుగువేనని చెప్పింది. పొడుగుది పైచెయ్యి. "మిగతాది రేపు" అంటుండగా గంట కొట్టారు. ఆ రేపటికి దేవిప్రియ బడికి పోలేదు. మిల్లులో నాన్న చెయ్యి విరిగింది, అమ్మ పనికి ఎక్కింది, తమ్ముణ్ణి చూసుకోవడానికి ఈమె ఇంట్లో ఆగింది. ఆగడమంటే ఇక ఆగడమే. అందుకని ఆమెకు తెలిసిన బఠానీలన్నీ పొడుగువే.

"నలుపుకు బలం ఎక్కువ," అని మొగుడికి చెప్పింది. "ఎరుపుతో కలిస్తేనే నలుపు గెలుస్తుందే, ఇంక నలుపూ నలుపూ కలిస్తే అడగాలా?"

"నువ్వు టీచరమ్మవి అయ్యుండాల్సింది," అన్నాడు సురేష్, నిజంగానే.

తై నెలలో, సంక్రాంతి వెళ్ళగానే, పెట్ట గంప కింద పొదగడానికి కూర్చుంది. దేవిప్రియ దానికి కాపలా కూర్చుంది. పిల్లి వస్తుందేమో, ఎలుక వస్తుందేమో, ఉరుము ఉరిమితే గుడ్లు చెడతాయేమో. కోవిల్‌పట్టిలో తై నెలలో ఉరుము ఎక్కడిది? అయినా ఆకాశం వైపు చూసేది. గుడ్లు పగిలే రోజున గోకుల్‌ను చంకనేసుకుని గంప పక్కనే చతికిలబడింది. మొదటి పిల్ల తడి తల బయటికి పెట్టింది. నల్లటి తల! దేవిప్రియ రెండు చెంపలూ వేసుకుంది. "అత్తా, నలుపే! నలుపే!"

పిల్లలు ఆరి, నూగు విచ్చుకునేసరికి ఆ సంబరం కూడా ఆరిపోయింది. మూడు పిల్లలు గోధుమరంగులో, వీపున ఉడత చారలతో ఉన్నాయి. మిగతావి నల్లవే గానీ, గొంతు నుంచి పొట్ట దాకా తెలుపు, రెక్క చివర్లు తెలుపు. కాకులు పెరుగు కుండలో కూర్చుని లేచినట్టు ఉన్నాయి.

పాప్పా ఒక పిల్లను వెల్లకిలా పట్టుకుని చూసింది. "ఇది నలుపంట! కడుపంతా పెరుగు. అమ్మా అబ్బా నలుపై పిల్లలు ఇట్లా పుట్టినాయంటే ఇందులో ఏదో ఉంది. ఎవుడో గోడ దూకినాడు."

గోడకు అవతలిది తంగం ఇల్లు. తంగం దగ్గర ఒక ఎర్రపుంజు ఉండేది. వీధిలో ఏ పెట్ట కనబడినా ఛాతీ విరుచుకుని వెంటబడేదని దానికి ఇన్‌స్పెక్టర్ అని పేరు పెట్టారు. దేవిప్రియ వెనకాముందూ చూడలేదు. గోడ దగ్గరికి పోయి కేక వేసింది.

"తంగమక్కా! నీ పుంజును కట్టేసుకోలేవా? నా మొక్కంతా పాడుచేసింది!"

తంగం బియ్యం చేటతోనే బయటికొచ్చింది. "ఏ పుంజు?"

"ఏ పుంజేమి, నీ ఇన్‌స్పెక్టరే! గోడ దూకి నా పెట్ట దగ్గరికి వచ్చింది. పిల్లలన్నీ చారలు, తెలుపులు!"

తెలుగులో మొదలైన జగడం, వీధి మొత్తానికీ అర్థం కావాలని అరవంలోకి మారింది. ఎదురింటివాళ్ళు, నీళ్ళ కొళాయి దగ్గరివాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. తంగం చేటను నడుముకు ఆనించుకుని, నింపాదిగా అడిగింది.

"మా ఇన్‌స్పెక్టర్ యాడున్నాడు ఇప్పుడు?"

"నాకేం తెలుసు?"

"నీకు తెలియక ఇంకెవురికి తెలుసే! దీపావళికి వాణ్ణి కోసి కూర చేసి, గిన్నె నిండుగా మీ ఇంటికే కదా పంపినాను? తిన్నారు, ఎముకలు నాకినారు, గిన్నె కూడా కడక్కుండా పంపినారు! సంతలో నువ్వు పెట్టను కొన్నది ఎప్పుడు? కార్తీకంలో. చచ్చి, ఉడికి, నీ కడుపులోకి పోయిన పుంజు లేచొచ్చి గోడ దూకినాడా?"

వీధి వీధంతా నవ్వింది. కొళాయి దగ్గర ఒక ముసలామె నవ్వలేక బిందె మీద కూలబడింది. దేవిప్రియ ముఖం కొంగులో దాచుకుని లోపలికి పారిపోయింది.

ఆ కూర రుచి తనకింకా గుర్తుందని పాప్పా ఒప్పుకుంది. పక్కింటివాళ్ళతో పగ ఎందుకని ఆమే ఒక దారి చెప్పింది. "చారల పిల్లలు పెట్టలైతే గుడ్లకు బాగుంటాయి, ఉంచుకుందాం. ఆ పెరుగు కడుపులను తంగానికిచ్చి సమాధానం చేసుకో. మొక్కుకు ఎట్లాగూ పనికిరావు." తంగం దగ్గర కూడా అప్పుడే పిల్లల్ని చేసిన పెట్ట ఉంది. సందె చీకట్లో కొత్త పిల్లల్ని దాని రెక్కల కింద తోసేస్తే తెల్లారేసరికి అన్నీ దాని పిల్లలే. దేవిప్రియ తెల్లపొట్ట పిల్లలన్నిటినీ చేటలో పెట్టుకుని, తలొంచుకుని పోయి ఇచ్చి వచ్చింది. తంగం తీసుకుంది గానీ మాట కలపలేదు.

ఇక దేవిప్రియకు అన్నం దిగలేదు. ఆడి నెల ఏడాది దూరంలో లేదు. కోడిపిల్ల పుంజు కావడానికి ఆరు నెలలు పడుతుంది. మళ్ళీ పొదిగించాలన్నా ఏ పుంజుతో? ఏ పెట్టతో? ఆ వారం గోకుల్‌కు కొంచెం ముక్కు కారింది. అంతే, ఆమెకు కంటి మీద కునుకు లేకుండా పోయింది.

"విరుదునగర్ పోయి మీ పొన్నుసామి మామను అడుగు," అన్నాడు సురేష్. "ఆయన పుట్టిందే కోళ్ళ మధ్యలో."

పొన్నుసామి ఆమె మేనమామ. నూనె మిల్లులో పని మానేశాక పెరటి నిండా పుంజుల్నే పెంచుతున్నాడు. ఆయన కూతురు మునీశ్వరి దేవిప్రియ కంటే రెండేళ్ళు పెద్దది, బడిలో సైన్సు టీచరు. శనివారం సెలవని ఇంట్లోనే ఉంది. ఆమెకు ఒక్కటే లోపం. కోడి అంటే హడలు. కోళ్ళ ఇంట్లో పుట్టి కూడా, వసారాలో మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకునే కూర్చుంటుంది.

దేవిప్రియ కథంతా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చేసరికి మునీశ్వరి మంచం మీద దొర్లి నవ్వింది.

"నవ్వొద్దు వదినా! మీ పాఠమే నన్ను ముంచింది. పొడుగుది పైచెయ్యి అన్నారు కదా?"

"అన్నారు. తర్వాత?"

"తర్వాతేముంది?"

"ఆ మర్నాటి పాఠం?"

"మర్నాడు నేను లేను కదా వదినా."

మునీశ్వరి నవ్వు ఆపింది. మంచం దిగబోయి, కింద పెట్టను చూసి మళ్ళీ కాళ్ళు పైకి తీసుకుంది. "వంటింట్లోంచి గుప్పెడు మినుములూ గుప్పెడు కందులూ తే. పొట్టు తియ్యనివి. రెండు చెంబులు కూడా."

తెచ్చింది.

"ఇదో, ప్రతి కోడికీ రంగు గింజలు రెండు ఉంటాయి అనుకో. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి అబ్బ ఇచ్చింది. మినుము అంటే నలుపు, కంది అంటే ఎరుపు. రెండూ మినుములైతే కోడి ఏ రంగు?"

"నలుపు."

"ఒక మినుము, ఒక కంది?"

"నలుపే. నలుపుది పైచెయ్యి."

"అక్కడిదాకా నీ పాఠం సరే. మరి ఆ కంది యాడికి పోయింది?"

దేవిప్రియ నిజంగానే మంచం కిందికి వంగి చూసింది.

"యాడికీ పోలేదు. నలుపు కింద దుప్పటి కప్పుకుని పడుకుంది. నువ్వు సంతలో కొన్నవి రెండూ అట్లాంటివే. పైకి నలుపు, లోపల ఒక కంది." మునీశ్వరి రెండు చెంబుల్లోనూ మినుములూ కందులూ సమానంగా కలిపి పోసింది. "ఇది పుంజు, ఇది పెట్ట. కళ్ళు మూసుకుని ఒక్కో చెంబులోంచి ఒక్కో గింజ తియ్యి. అదీ పిల్ల."

దేవిప్రియ తీసింది. మినుము, మినుము. నలుపు. మళ్ళీ తీసింది. మినుము, కంది. నలుపు. మళ్ళీ అదే. ఆ తర్వాత రెండు చేతుల్లోనూ కందులు వచ్చాయి.

ఆమె ఆ రెండు గింజల్నీ అరచేతిలో పక్కపక్కన పెట్టింది. "చారల పిల్ల," అంది మెల్లగా. తర్వాత గట్టిగా, "వదినా, ఇది నా చారల పిల్ల! ఎవుడూ గోడ దూకలేదు! నా పెట్ట లోపలే ఉంది!"

గోకుల్ చెంబు పట్టుకుని బోర్లించాడు. మినుములూ కందులూ వసారా అంతా పరుచుకున్నాయి. పెరటి కోళ్ళన్నీ పరుగున వచ్చి పాఠాన్ని ఏరుకు తినేశాయి. మునీశ్వరి మంచం మీద లేచి నిలబడి కేకలు. పొన్నుసామి చప్పట్లు కొడుతూ కోళ్ళను తోలడానికి వచ్చాడు.

"పుస్తకం సరిగ్గానే చెప్పింది," అన్నాడాయన సంగతి విని. "నేనొకటి చెప్తాను. లోపల కంది దాచుకున్న పుంజు వయసుకొచ్చేసరికి మెడలో ఎరుపు కారుతుంది. ఎండకు మాడటం కాదు, గింజ బయటపడటం. పెట్టల్లో అంత తెలియదు. రెండూ మినుములున్న పుంజే నీ మొక్కుకు కావాల్సింది. నీ నల్లపిల్లల్లో ఒకటైనా ఉంటుంది, చూడు."

"నల్లపిల్లలు యాడివి మామా? అన్నిటికీ కడుపు తెలుపు."

పొన్నుసామి చేతిలోని కర్ర కింద పెట్టాడు. "ఇట్లా రా."

పెరటి చివర ఒక పెట్ట నేలను గీరుతోంది. కాటుక కంటే నలుపు. దాని చుట్టూ నిన్నా మొన్నా పుట్టిన పిల్లలు. వాటి పొట్టలు తెల్లగా, రెక్క చివర్లు తెల్లగా ఉన్నాయి. దానికి అటువైపున కొంచెం పెద్ద పిల్లలు. వాటి నూగు రాలిపోయి ఈకలు వస్తున్నచోట నలుపు, ఇంకా నూగు ఉన్నచోట తెలుపు.

"నల్లకోడి పుట్టడమే అట్లా పుడుతుంది అమ్మీ. ఆ తెలుపు నూగుది, ఈకది కాదు. నెల తిరిగేసరికి రాలిపోతుంది. తెల్లపొట్టను చూసి నల్లపిల్ల కాదనుకున్నవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. యాడున్నాయి అవి?"

దేవిప్రియ గోకుల్‌ను గబుక్కున చంకనేసుకుంది. "పక్కింటి తంగమక్కకు ఇచ్చేసినాను మామా. వాళ్ళ చెల్లెలు శ్రీవిల్లిపుత్తూరు నుంచి వచ్చి పిల్లల్ని తీసుకుపోతుందని అత్త అంటుంటే విన్నాను. ఇవాళే!"

ఫోన్ చేస్తే సురేష్ ఎత్తలేదు. ఫ్యాక్టరీ లోపలికి ఫోను పోనివ్వరు. పాప్పా ఎత్తింది. "నేను పోయి తంగాన్ని అడగాలా? ఎముకలు నాకినారన్న నోటితో మళ్ళీ ఏమంటుందో! నువ్వే రా," అని పెట్టేసింది.

బస్సులో దేవిప్రియ కూర్చుందన్న మాటే గానీ, సీటు అంచునే ఉంది. సాత్తూరు దగ్గర బస్సు ఆగితే దోసకాయలమ్మేవాళ్ళు కిటికీల చుట్టూ మూగారు. ఒకటి కొని గోకుల్ చేతిలో పెట్టింది. వాడు దాన్ని కొరుకుతూ పక్కనున్నామె చీరంతా తడిపాడు. "పిల్లాడు చక్కగా ఉన్నాడు," అంది ఆమె కోప్పడకుండా. దేవిప్రియ అప్పుడు వాడి నుదురు తాకి చూడటం కూడా మరిచిపోయి, డ్రైవరు వీపునే చూస్తోంది, తోసుకుపోదామన్నట్టు.

వీధి మలుపు తిరిగేసరికి తంగం ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. తంగం చెల్లెలు ఎక్కి కూర్చుంది. ఆమె ఒళ్ళో వల కప్పిన బుట్ట, అందులోంచి కీచుకీచులు.

"ఆగండక్కా! ఆగండి!" చెప్పులొకచోట, తానొకచోట దేవిప్రియ పరుగెత్తింది.

తంగం గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకుంది. "ఏమిటి? ఇప్పుడు ఎవురు గోడ దూకినారు?"

"ఎవురూ దూకలేదక్కా. తప్పు నాది. ఆ పిల్లలు కావాలి."

"ఇచ్చింది మళ్ళీ అడుగుతారా ఎవురైనా?"

"మొక్కుకక్కా. బిడ్డ మొక్కు."

తంగం ముఖం కొంచెం మెత్తబడింది. కానీ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. కొళాయి వైపు చూసింది. బిందెలు నిలబడే ఉన్నాయి, బిందెలవాళ్ళూ నిలబడే ఉన్నారు.

"అయితే చెప్పు. అందరికీ వినబడాలి. తెలుగులో కాదు, అరవంలో చెప్పు. మా ఇన్‌స్పెక్టర్ ఏ తప్పూ చెయ్యలేదని చెప్పు."

దేవిప్రియ గోకుల్‌ను చంకలో సర్దుకుంది. గొంతు సవరించుకుంది. వీధి నడిమధ్యలో నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు అరవంలో ఎత్తుకుంది. "తంగమక్క ఇంటి ఇన్‌స్పెక్టర్ మంచివాడు! ఏ గోడా దూకలేదు! ఎరుపు మా కోడి లోపలే దాక్కుని ఉంది!"

"ఇంకా?" అంది తంగం.

"ఇంకా... కూర బాగుంది!"

తంగానికి నవ్వు ఆగలేదు. ఆటోలోంచి బుట్ట దించింది. ఆమె చెల్లెలికి కోపం రాబోతే, "నీకు ఈమె చారల పిల్లల్ని ఇస్తుంది లే, గుడ్లకు బాగుంటాయి" అని తంగమే సర్దిచెప్పింది. ఒప్పందం కూడా తంగమే చేసింది. పెంచేది ఇద్దరూ. పెరిగాక పెట్టలు తంగానికి, పుంజులు దేవిప్రియకు.

అప్పటినుంచి ఆ పిల్లలకు రెండు ఇళ్ళు. పొద్దున ఇక్కడ నూకలు, మధ్యాహ్నం అక్కడ అన్నం మెతుకులు. నెల తిరిగేసరికి మామ చెప్పినట్టే కడుపుల తెలుపు రాలిపోయింది. పాప్పా ఒకదాన్ని వెల్లకిలా తిప్పి చూసి, "పెరుగు యాడికి పోయిందే!" అని ముక్కున వేలేసుకుంది. దేవిప్రియ ఆమెకూ తంగానికీ మినుములూ కందులూ పెట్టి పాఠం చెప్పింది. పాప్పా మూడు సార్లు విని, "అయితే మా మామ పిల్లికళ్ళు నా కడుపున ఎవురికీ రాలేదు గానీ, రేపు గోకుల్ బిడ్డకు రావచ్చన్నమాట," అంది. తంగం నోరెళ్ళబెట్టింది.

పిల్లల్లో మూడు పుంజులు తేలాయి. పెద్దోడికి ఎండలు ముదిరే చిత్తిరై నెలలో మెడ మీద ఎర్ర ఈకలు వచ్చాయి. నడిపోడికి ఆ తర్వాత. ఇక మిగిలింది చిన్నోడు. దేవిప్రియ రోజూ పొద్దున్నే వాడిని ఒళ్ళో పెట్టుకుని మెడ విప్పి, రెక్కలు విప్పి, తోక కింద ఊది చూసేది. "పోలీసు తనిఖీ అయిందా?" అని సురేష్ వేళాకోళం చేసేవాడు. మెడ నల్లగానే ఉంది. వైగాసి నెల పోయింది. ఆడికి ముందొచ్చే ఆని నెలా పోయింది. నల్లగానే ఉంది.

కానీ ఆమెకు కొత్త భయం పట్టుకుంది. అది ఎవరికీ చెప్పలేదు, చెప్తే నిజమైపోతుందని. ఎండలో నిలబడితే చిన్నోడి తోక పచ్చగా మెరుస్తోంది. పచ్చ కూడా వేరే రంగే కదా?

కొడై రోజు వచ్చింది. అందరూ కరుప్పసామి గుడికి పోయారు. ఉరుమి డోలు మోగుతోంది, పొయ్యిల మీద పొంగళ్ళు పొంగుతున్నాయి. విరుదునగర్ నుంచి మునీశ్వరి కూడా వచ్చి, గుడి చుట్టూ తిరిగే మొక్కు కోళ్ళను చూసి పక్కనున్న గట్టు ఎక్కి నిలబడింది. పూజారి సుడలైమణి గంప మూత తీసి, పుంజును పైకెత్తి ఎండలోకి పట్టుకున్నాడు. మెడ నుంచి తోకదాకా పచ్చని మెరుపు పాకింది.

దేవిప్రియ ఇక ఆగలేకపోయింది. "సామీ, ఒక్క ఈక కూడా వేరే రంగు ఉండదని మొక్కినాను. ఇది పచ్చగా ఉంది. మొక్కు చెల్లుతుందా?"

పాప్పా నుదురు కొట్టుకుంది. "ఉండుండి ఇప్పుడా చెప్పేది!"

"ప్రియా," గట్టు మీది నుంచి మునీశ్వరి అరిచింది. "అది రంగు కాదు, వెలుగు ఆట. నలుపు నిండుగా ఉంటేనే అట్లా మెరుస్తుంది. నీ కొంగు అడ్డం పెట్టి నీడ చెయ్యి!"

దేవిప్రియ కొంగు అడ్డం పట్టింది. పచ్చ మాయమైంది. అడుగు నుంచి అంచు దాకా నలుపే, కాటుక నలుపు. కొంగు తీసింది, మెరిసింది. పెట్టింది, నలుపు. రెండు మూడు సార్లు అట్లా చేసి చూసింది. చూసేకొద్దీ ఆమె ముఖం విప్పారింది.

సుడలైమణి నవ్వాడు. "తల్లీ, అటు చూడు." లోపల కరుప్పసామి నల్లరాతి విగ్రహం, పొద్దున్నే పూసిన నూనెతో, వాకిట్లోంచి పడ్డ ఎండకు నిగనిగలాడుతోంది. "మా సామి నలుపు కాడంటావా? ఆయనా మెరుస్తాడు. వదులు తల్లీ పుంజును."

ఆమె పుంజును రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏదో అనబోయింది, ఇంకో మెలిక పెట్టబోతుందేమోనని పాప్పా ఉలిక్కిపడింది. కానీ దేవిప్రియ ఏమీ అనలేదు. చేతులు విప్పింది.

చిన్నోడు నేల మీద వాలి, రెక్కలు దులుపుకుని, మొక్కు కోళ్ళ మధ్యకు దర్జాగా నడిచిపోయాడు. "పెంచింది మేము కదా, ఆ నడక మా ఇంటిదే," అంది తంగం. "నూకలు మావి," అంది పాప్పా. ఇద్దరూ అక్కడే మొదలుపెట్టారు. పుంజు గుడి గోడ ఎక్కి, మెడ చాచి, ఊరంతా వినేలా కూసింది.

సురేష్ చంకలోంచి జారి, బుడిబుడి అడుగులతో గోడ దగ్గరికి పోయిన గోకుల్ తల పైకెత్తి చూశాడు. పొట్ట ముందుకు పెట్టి, మెడ చాచి, వాడూ కూశాడు. "కొక్కొ... కోఓఓ!"

గోడ మీది పుంజు ఒక కన్ను వాడివైపు తిప్పి చూసింది. చూసి, మళ్ళీ కూసింది. వాడూ కూశాడు. ఇద్దరిలో ఎవరూ తగ్గడం లేదు. ఉరుమి వాయించేవాడు చెయ్యి ఆపి నవ్వుతున్నాడు. దేవిప్రియ నవ్వుతోంది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. బిడ్డను ఎత్తుకోవడానికి మాత్రం పోలేదు. కుయ్యనీ, గొంతు బాగుంది అనుకుంది.